గోడ బొమ్మల మాస్టారికి ఉత్తరాలు

పోయిన నెల ఈ పేజీలో సింగ్ నగర్ సందులో ఉన్న ఒక గోడ గురించి రాశాను. నేనూ, మా ఫొటో తమ్ముడూ (ఫొటోగ్రాఫర్, నాకు తమ్ముడిలాంటివాడు) కలిసి ఏడాదికి పైగా వేస్తూ, చెరుపుతూ, మళ్ళీ వేస్తూ ఉన్న గోడ అది. మూడు నెలలకోసారి అందులో ఒక ముక్క మారుస్తాం. మార్చే ముందు ఒకసారి, మార్చాక ఒకసారి తమ్ముడు ఫొటోలు తీస్తాడు. వాటిని నేల మీద పరుచుకుని, టీ తాగుతూ, తర్వాత ఏం వేయాలో ఏం చెరపాలో గొడవపడతాం. పనంతా అంతే. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ముగ్గు రంగుల గురించీ, పాత సైన్‌బోర్డుల గురించీ అడిగినవాళ్ళు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: మాస్టారూ, ఆ గోడ మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉంది. బొమ్మ బాగుంది, కాదనను. కానీ వరద నీళ్ళ మట్టి గీతని అలాగే ఉంచేశారు. మా అత్తగారు కూరగాయలకి వెళ్ళినప్పుడల్లా ఆ గీత చూసి ఆ రాత్రి తలుచుకుంటున్నారు. మర్చిపోదామనుకునేవాళ్ళ కళ్ళెదురుగా దాన్ని ఎందుకు పెట్టారు? ఎవరిని అడిగి పెట్టారు?
– ఒక గృహిణి, సింగ్ నగర్, విజయవాడ

జవాబు: అమ్మా, మీ రెండో ప్రశ్నకి ముందు జవాబు చెబుతాను. అక్కడ తప్పు నాది. గోడ ఉన్న ఇంటివాళ్ళని అడిగాం. అటూ ఇటూ ఉన్న ఇళ్ళలో అడిగాం. సందు చివరి దాకా వెళ్ళి అడగలేదు. నాలుగిళ్ళ అవతలివాళ్ళు కూడా రోజూ ఆ గోడ ముందు నుంచే నడుస్తారన్న సంగతి నాకు తట్టలేదు.

ఇక ఎందుకు పెట్టామంటారా? నిజానికి చెరిపేద్దామన్నవాణ్ణి నేనే. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి ఎలా వచ్చిందో మీకు నేను చెప్పేదేముంది. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో కూడా 11.43 లక్షల క్యూసెక్కులు, 2009 వరద కంటే ఎక్కువ. మా ఇల్లు గాంధీనగర్‌లో. మాకు గుమ్మం తడవలేదు. తడవనివాడు తడిసినవాళ్ళ గోడ మీద బొమ్మ వేయడానికి వెళ్తే కాస్త సిగ్గుగానే ఉంటుంది. అందుకేనేమో, ఆ మట్టి గీత కనిపించగానే ముందు దాన్ని గీకించేద్దామనుకున్నాను. గోడ పొడవు 32 అడుగులు, ఎత్తు 9 అడుగులు. గీత సరిగ్గా నా గడ్డం దాకా ఉంది. కూలీ కుర్రాడికి వైరు బ్రష్ ఇచ్చి మొదలుపెట్టమన్నాను.

తమ్ముడు వచ్చి గోడకి అడ్డంగా నిలబడ్డాడు. వాళ్ళిల్లు పక్క సందులోనే. ఆ రోజులన్నీ మేడ మీదే ఉన్నాడు. "మాస్టారూ, ఈ గీత నా ఫొటోల్లో ఉంది. గోడ మీద లేకపోతే రేపు నా ఫొటోలు అబద్ధమంటారు" అన్నాడు. నాకు కోపం వచ్చింది. రంగు డబ్బాలు మూతలు పెట్టించి ఇంటికి వచ్చేశాను. రెండు రోజులు మాట్లాడుకోలేదు కూడా.

మూడో రోజు ఫోన్ పట్టుకుని ఇంటికి వచ్చాడు. మేడ మీద నుంచి ఎదుటి సందులోకి కనిపించే ఆ గోడని, ప్రతి పొద్దునా తీశాడట. చార్జింగు అయిపోతే పడవ మీద పాలు తెచ్చినవాళ్ళ దగ్గర పవర్ బ్యాంకు అడుక్కుని తీశాడు. ఆ ఫొటోలు వరసగా చూస్తే అప్పుడు తెలిసింది, గోడ మీద ఉన్నది ఒక గీత కాదు. నీళ్ళు దిగుతూ ఒక్కో రోజు ఒక్కో చోట ఆగాయి. నేను ఒక్క మరకగా చూసిందాంట్లో అయిదు గీతలున్నాయి. గేటు అడ్డపట్టీ గుర్తుగా పెట్టుకుని, ఏ ఫొటోలో నీళ్ళు పట్టీకి ఎంత పైన, ఎంత కింద ఉన్నాయో కొలుచుకుని, ఆ అయిదు చోట్లా నీలిమందు రంగుతో సన్నగా గీశాం. సందులోవాళ్ళు చుట్టూ చేరి వాదులాడుకున్నారు. "మా వైపు ఇంకా పైకి వచ్చింది" అని ఒకరు, "మూడో రోజుకే దిగిపోయింది" అని ఇంకొకరు. ఫోన్లో తారీఖు, టైము చూపిస్తే కొందరు ఒప్పుకున్నారు, కొందరు ఫోనే తప్పన్నారు.

గీతల పైన నీళ్ళలో తేలుతూ పోయినవి వేశాను. గ్యాస్ సిలిండరు, ప్లాస్టిక్ కుర్చీ, స్కూలు బ్యాగు, ఒక రోలు. "రోలు ఎక్కడైనా తేలుతుందా మాస్టారూ" అని ఒక ఎనిమిదేళ్ళ పిల్ల నవ్వింది. ఆ సాయంత్రమే రోలు చెరిపేశాను. ఆ చెరిపిన చోటు ఇప్పటికీ కొంచెం తెల్లగా కనిపిస్తుంది, ఈసారి చూడండి.

మీ ఉత్తరం తమ్ముడికి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అప్పుడు గోడ మీద లేకపోతే ఫొటోని నమ్మరనుకున్నాను. ఇప్పుడు ఫొటోలు పదిమందీ చూశారు. ఇక గోడ మర్చిపోయినా పర్వాలేదు" అన్నాడు. ఆ మాట వినడానికి నేను ఏడాది ఆగాను. మూడు నెలలకోసారి ధైర్యంగా చెరపగలుగుతున్నానంటే, చెరిపింది ఎక్కడికీ పోదన్న భరోసా అతని హార్డ్ డిస్కులో ఉంది కాబట్టే.

వచ్చే ఆదివారం ముక్క మార్చే రోజు. తూర్పు వైపు 26 అడుగుల మేర గీతలు మూసేస్తాం. గేటు పక్కన ఆరడుగులు ఉంచమని ఇంటాయన అడుగుతున్నారు. మీ అత్తగారిని తీసుకురండి. ఆవిడ వద్దంటే ఇంటాయనతో నేను మాట్లాడతాను.

ప్రశ్న: ముగ్గురు ఆర్టిస్టులం కలిసి బ్రాడీపేటలో ఒక ప్రహరీ గోడ మీద ఆరు నెలల నుంచి బొమ్మ వేస్తున్నాం. నెలనెలా మారుస్తున్నాం. ఎండలో మాడేది మేం. ఫొటోగ్రాఫర్ వచ్చి పది నిమిషాలు నిలబడి ఫొటో తీసుకుని ఇన్‌స్టాగ్రామ్‌లో తన పేరు పెద్దగా పెట్టుకుంటున్నాడు. మా పేర్లు ఎక్కడో అడుగున. అసలు అతను మాకెందుకు?
– ఒక ఆర్టిస్టు, గుంటూరు

ఇంకో ప్రశ్న: ఒక గోడ బొమ్మని మొదటి రోజు నుంచి ఫొటోలు తీస్తున్నాను. ఒక్క రూపాయి తీసుకోలేదు. ఇప్పుడు ఒక బట్టల షాపువాళ్ళు క్యాలెండరు వేసుకుంటాం, ఫొటోలు ఇమ్మంటున్నారు. బొమ్మ మాది కాబట్టి ఫొటో కూడా మాదే అని ఆర్టిస్టులు గొడవ. చట్టం ఏమంటుంది?
– ఒక ఫొటోగ్రాఫర్, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: ఈ రెండు ఉత్తరాలూ రెండు రోజుల తేడాతో వచ్చాయి. రెండూ ఒకే గోడ గురించని నా అనుమానం. కాకపోతే ఇంకా మంచిది, ఒకరి జవాబు ఇంకొకరికి పనికొస్తుంది.

ముందు ఆర్టిస్టు బాబుకి. గుంటూరు వాళ్ళు మీరు, అమరావతి చూసే ఉంటారు. అక్కడి స్తూపం పలక ఒకటి ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దానికి రెండు వైపులా చెక్కడమే. ముందొక వైపు చెక్కారు, కొన్ని వందల ఏళ్ళ తర్వాత అదే రాయిని తిప్పి వెనక వైపు స్తూపాన్ని చెక్కారు. పాత బొమ్మ వెళ్ళి లోపలి వైపు పడింది. నెలనెలా గోడ మార్చడం మనమేదో కొత్తగా కనిపెట్టామనుకోవద్దు, మన ప్రాంతంలో ఎప్పుడో చేశారు. కానీ ఆ స్తూపం చివరికి ఏమైంది? ఇళ్ళకీ గుడులకీ రాయి కోసం తవ్వారు, పాలరాయిలా ఉంది కదా అని కొన్ని పలకల్ని సున్నం బట్టీల్లో కాల్చారు. 1816లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ మనుషుల్ని పెట్టి అక్కడ ఉన్న పలకల్ని ఒక్కొక్కటిగా కాగితం మీద గీయించాడు. వాటిలో కొన్ని పలకలు ఇవాళ ఎక్కడా లేవు, ఆ కాగితాల మీదే ఉన్నాయి. 1845లో వాల్టర్ ఎలియట్ అనే కంపెనీ అధికారి తవ్వించి మద్రాసుకి పంపిన రాళ్ళని 1858లో లిన్నేయస్ ట్రైప్ అనే ఆయన ఫొటోలు తీశాడు. గీసినవాళ్ళూ, ఫొటో తీసినాయనా ఉలి పట్టలేదు. ఎండలో రాయి కొట్టలేదు. వాళ్ళు లేకపోతే ఆ శిల్పుల పని మనకి అంత కూడా మిగిలేది కాదు.

కాబట్టి అతను మీకెందుకని అడగకండి. పది నిమిషాలే ఎందుకు ఉంటున్నాడని అడగండి, అది న్యాయమైన ప్రశ్న. మారే గోడకి పనిచేసే ఫొటోగ్రాఫర్ సున్నం గీకే రోజు రావాలి, పరంజా కట్టే రోజు రావాలి, రంగు సరిపోక మీరు ముగ్గురూ తిట్టుకునే రోజు కూడా రావాలి. చివరి రోజు వచ్చేవాడు పెళ్ళిలో భోజనాల వేళకి వచ్చిన చుట్టం లాంటివాడు.

ఇప్పుడు ఫొటోగ్రాఫర్ తమ్ముడికి. పేర్ల సంగతి ముందు సరిచెయ్యి. ఆర్టిస్టుల పేర్లు పైన, నీ పేరు కింద. ఫొటో నీదే అయినా సరే. ఇది చట్టం కాదు, మర్యాద.

చట్టం సంగతి. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని ప్రకారం ఫొటో తీసినవాడే ఫొటోకి కర్త. కాబట్టి "ఫొటో కూడా మాదే" అని ఆర్టిస్టులు అనడం చెల్లదు. అయితే బొమ్మకి కర్తలు వాళ్ళు. బొమ్మ నిండా ఉన్న ఫొటోని క్యాలెండరు మీద అచ్చేసి వ్యాపారం చేయాలంటే వాళ్ళ అనుమతి లేకుండా చేయకూడదు. బహిరంగ ప్రదేశంలో శాశ్వతంగా ఉన్న శిల్పాన్ని ఫొటో తీసి ప్రచురించుకోవచ్చని 52వ సెక్షన్‌లో వెసులుబాటు ఉంది. అది చదివి చాలామంది గోడ బొమ్మకి కూడా వర్తిస్తుందనుకుంటారు. అక్కడ రాసింది శిల్పాలకీ, కళాత్మకమైన చేతిపనులకీ. పెయింటింగ్ అన్న మాట అందులో లేదు. 2023లో ముంబయి గోడ బొమ్మ ఒకదాన్ని ప్రకటనలో వాడుకున్న ఇన్సూరెన్స్ కంపెనీ మీద కేసు ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళింది. ఆ ప్రకటన తీసేయాలని కోర్టు చెప్పింది. బట్టల షాపు క్యాలెండరు కూడా ప్రకటనే కదా.

ఇంకో మెలిక. డబ్బిచ్చి ఎవరైనా ఫొటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, మొదటి హక్కుదారు డబ్బిచ్చినవాళ్ళే. డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగ్‌కి కూడా ఇదే సూత్రం. నువ్వు రూపాయి తీసుకోలేదు కాబట్టి నీ ఫొటోల మీద ఆ పేచీ లేదు. కానీ ఆ ప్రహరీ ఇంటివాళ్ళు ఆర్టిస్టులకి డబ్బిచ్చారా? ఇచ్చి ఉంటే వాళ్ళని కూడా అడగాలి. ఈ సంగతి ఆరు నెలల్లో ఎవరికీ గుర్తొచ్చి ఉండదు.

హక్కు అమ్ముకున్నా పోనిది ఇంకొకటి ఉంది, 57వ సెక్షన్. తన పనిని పాడుచేసి తన పేరు చెడగొడితే కర్త అడగొచ్చు. ఢిల్లీ విజ్ఞాన భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ 140 అడుగుల పొడవున కంచు కుడ్యశిల్పం చేశారు. 1962లో పూర్తయింది. 1979లో దాన్ని ఊడదీసి గోదాములో పడేశారు. ఆయన 1992లో కోర్టుకెక్కితే 2005లో తీర్పు వచ్చింది: మిగిలిన ముక్కలు తిరిగివ్వాలి, 5 లక్షల రూపాయలు కట్టాలి. ఇరవై ఆరేళ్ళ తర్వాత వచ్చిన ముక్కలు! మన పనికి ఇది ఎందుకు ముఖ్యమంటే, మారే గోడలో చెరపడం కూడా పనిలో భాగం. ఒకరు వేసిన దాని మీద ఇంకొకరు సున్నం కొడతారు. ఆ సంగతి ముందే కాగితం మీద లేకపోతే, ఏదో ఒక రోజు ఎవరికో ఒకరికి మనసు కష్టమై తీరుతుంది.

మేం ఏం చేశామంటే, అరఠావు కాగితం మీద రాసుకున్నాం. నా బొమ్మని మూడు నెలల తర్వాత ఎవరైనా చెరపొచ్చు, చెరిపే ముందు ఫొటో తీయాలి. ఫొటో తీయకుండా చెరిపితే ఆ వారం టీ ఖర్చు చెరిపినవాడిది (ఇది సరదాకి రాశాం గానీ రెండుసార్లు నేనే కట్టాను). అమ్మకం ఏదైనా వస్తే మూడు వాటాలు: ఒకటి బొమ్మకి, ఒకటి ఫొటోకి, ఒకటి రంగు డబ్బాలకి. ఎవరికైనా హక్కు ఇచ్చేటప్పుడు ఎన్నేళ్ళకో రాయడం మర్చిపోవద్దు. గడువు రాయకపోతే చట్టం అయిదేళ్ళనుకుంటుంది. మీ షాపువాళ్ళకి ఒక్క సంవత్సరం క్యాలెండరుకి మాత్రమే అని రాసివ్వండి, రెండు పక్షాలూ సంతకం పెట్టండి. ఆ తర్వాత నలుగురూ కలిసి ఒకచోట కూర్చుని ఇడ్లీ తినండి. పెద్ద మొత్తమైతే మాత్రం వకీలుకి చూపించాకే సంతకం.

ప్రశ్న: నా దగ్గర ఫోన్ తప్ప కెమెరా లేదు. మేం వేస్తున్న గోడ వన్ టౌన్‌లో. ఎదురుగా సందు ఎనిమిది అడుగులే. ఎటు నిలబడినా గోడ మొత్తం పట్టదు. ప్రతిసారీ ఫొటో వేరేలా వస్తోంది, రెండు పక్కన పెట్టి చూస్తే ఒకే గోడలా లేదు. ఏం చేయాలి?
– డిగ్రీ విద్యార్థిని, విజయవాడ

జవాబు: తల్లీ, దీనికి నేను చెప్పేదంతా మా తమ్ముడి దగ్గర దొంగిలించింది.

గోడ మొత్తం ఒక్క ఫొటోలో పట్టాలన్న ఆశ వదులు. వైడ్ యాంగిల్ పెడితే పడుతుంది గానీ చివర్లు సాగిపోయి మనుషులు గుమ్మడికాయల్లా వస్తారు. ఎదురు గోడకి వీపు ఆనించి, గోడని ముక్కలుగా తీయి. మూడు అడుగులకోసారి జరుగుతూ, ప్రతి ఫొటోలో పక్క ఫొటోలోది మూడో వంతు మళ్ళీ కనిపించేలా. తర్వాత కంప్యూటర్లో వాటిని అతికించుకోవచ్చు. నువ్వు నిలబడిన ప్రతి చోటా నేల మీద ఆయిల్ పెయింటుతో చిన్న చుక్క పెట్టు. మట్టి నేలైతే కాంక్రీటు మేకు దిగేసి దాని తల మీద చుక్క పెట్టు. ఫోన్ ఎత్తు కూడా ఒకటే ఉండాలి. ఒక కర్రకి మీ గడ్డం ఎత్తున గీత పెట్టుకుని దానికి ఆనించి తీయొచ్చు. ఫోన్ గోడకి సమాంతరంగా ఉండాలి, పైకి వంచావంటే గోడ వెనక్కి పడిపోతున్నట్టు ఉంటుంది.

వేళ మారితే రంగు మారుతుంది. మిట్ట మధ్యాహ్నం వన్ టౌన్ సందుల్లో సగం గోడ ఎండ, సగం నీడ. పొద్దున్నే ఎండ సందులోకి దిగకముందు తీయి, ప్రతిసారీ అదే వేళకి. తీసే ముక్కలో ఒక మూల బూడిద రంగు అట్టముక్క పెట్టి ఒక్క ఫొటో తీసుకుంటే, రంగులు తేడా వస్తే దాన్ని చూసి సరిచేసుకోవచ్చు. ఫోన్లో అందంగా చేసే ఫిల్టర్లన్నీ ఆపెయ్యి. మన ఆకుపచ్చ మనకి ఎలా ఉందో అలాగే ఉండాలి.

ఎదురింటి వాళ్ళ మేడ మీదకి వెళ్ళనిస్తే ఒక ఫొటో అక్కడి నుంచి. వెళ్ళినప్పుడల్లా వాళ్ళకి ఒక ప్రింటు ఇవ్వు, తలుపు ఎప్పుడూ తీస్తారు.

గోడ ఒక్కదాన్నే తీయకు. దాని ముందు నుంచి వెళ్ళేవాళ్ళని తీయి, అడిగి తీయి. మా గోడ మీద నేను వేసిన సైకిలు ముందు ఒక అరటిపళ్ళ బండి రోజూ ఆగేది. ఫొటోలు పక్కపక్కన పెట్టుకుంటే ప్రతి దాంట్లో ఆ బండి ఉంది, నా సైకిలు సగం దాని వెనకే. తర్వాతిసారి సైకిలు తీసేసి, బండి నీడ పడే చోట అరటి గెల వేశాను. బండాయన ఇప్పుడు బొమ్మని తన బోర్డులా వాడుకుంటున్నాడు. ఇలాంటివి నిచ్చెన మీద ఉన్నవాడికి కనిపించవు.

ఫొటోల పేర్లు తారీఖుతో పెట్టు. రెండు చోట్ల దాచు. ఫోన్ పోతే గోడ చరిత్ర మొత్తం పోతుంది.

ప్రశ్న: సందులోని పెద్దవాళ్ళ ఫొటోలు పెద్ద సైజులో ప్రింటు తీసి, గోడకి అంటించి, చుట్టూ రంగులతో బొమ్మ వేద్దామనుకుంటున్నాం. ఏ జిగురు వాడాలి? వానకి ఆగుతుందా?
– నలుగురు స్నేహితులు, మంగళగిరి రోడ్డు, గుంటూరు

జవాబు: ఈ ప్రశ్న కోసమే నేను పుట్టినట్టుంది. గాంధీనగర్‌లో సినిమా కటౌట్లు వేసి బతికినవాణ్ణి. ఫ్లెక్సీలు వచ్చాక బ్రష్ పక్కన పెట్టి డ్రాయింగ్ మాస్టారు ఉద్యోగంలో చేరాను. ఆ రోజుల్లో పోస్టర్లు అంటించే కుర్రాళ్ళ బకెట్లో ఉండేది మైదా జిగురే. మైదాని ముందు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, ఆరింతలు మరిగే నీళ్ళలో పోస్తూ, గరిటె జారుగా, కొంచెం పారదర్శకంగా అయ్యేదాకా ఉడికించాలి. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసేవారు. అది విషం. అప్పట్లో తెలిసీ తెలియక వాడాం, ఇప్పుడు మీరు వద్దు. మైదా వాసనకి ఆవులు వచ్చి పోస్టర్లు నమిలేవి. ఒకసారి పెద్ద హీరో సినిమా విడుదల రోజు పొద్దున్నే చూస్తే కింద నుంచి హీరో మీసం వరకూ పోస్టరు లేదు. పంపిణీదారుడు మా మీద కేకలేశాడు, ఆవు మీద వేయలేక. మీరు అంటించేది ఆవు మూతికి అందని ఎత్తులో అంటించండి. ఇది హాస్యానికి చెప్పడం లేదు.

ప్రింటు నిగనిగలాడే కాగితం మీద వద్దు, మామూలు పల్చటి కాగితం మీద తీయించండి. మామూలు ఇంక్‌జెట్ ఇంకు జిగురు తగలగానే కారిపోతుంది, లేజర్ ప్రింటు ఆగుతుంది. గోడ మీద ముందు జిగురు, కాగితం, పైన మళ్ళీ జిగురు, మధ్య నుంచి బయటికి గుడ్డతో నిమురుతూ గాలి తీసేయాలి. ఆరాక అంచుల మీదకి రంగు పల్చగా తీసుకురండి.

ఇక వాన. ఒక్క జూలై చాలు, కాగితం ఊడిపోవడానికి. నేనైతే దానికి బాధపడను. జేఆర్ అని ఫ్రాన్సు ఫొటోగ్రాఫర్ ఉన్నాడు, మామూలు మనుషుల ముఖాల్ని నలుపు తెలుపులో గోడలంత పెద్దగా ప్రింటు తీసి అంటిస్తాడు. అవి చిరుగుతాయి, రాలుతాయి, అతను అడ్డుకోడు. కెన్యాలో కిబెరా మురికివాడ ఇళ్ళ కప్పుల మీద అంటించినప్పుడు మాత్రం కాగితం బదులు వాన నీరు దిగని వినైల్ వాడాడు. ఇంటివాళ్ళకి బొమ్మతో పాటు కారని కప్పు కూడా దొరికింది. 2011లో ఎవరి ఫొటో వాళ్ళు పంపిస్తే పోస్టరు చేసి తిరిగి పంపే పని మొదలుపెట్టాడు. ఎవరి వీధిలో వాళ్ళే అంటించుకోవాలి.

మీ పెద్దవాళ్ళు కాగితం మీద చిరిగిపోవడం వాళ్ళకి నచ్చుతుందా అన్నది మాత్రం ముందే అడగండి. బతికున్న మనిషి ముఖం సగం ఊడిపోయి గోడకి వేలాడితే మన ఊళ్ళో శకునం అంటారు. ఊడటం మొదలైన రోజే తీసేసి, ఆ ఖాళీలో రంగుతో వేయండి. తీసే ముందు ఫొటో.

ప్రశ్న: ఇలా మారుస్తూ పోతే బొమ్మ ఎప్పటికి పూర్తవుతుంది?
– ఇంటర్ విద్యార్థి, పటమట

జవాబు: పూర్తికాదు. బ్లూ అన్న పేరుతో బొమ్మలేసే ఇటలీ ఆర్టిస్టు అర్జెంటీనాలోని బ్యూనస్ ఏర్స్ గోడల మీద ఒక జీవిని వేసి, ఫొటో తీసి, చెరిపి, ఒక అడుగు ముందుకి మళ్ళీ వేసి, మళ్ళీ ఫొటో తీసి, అలా నెలల తరబడి చేశాడు. ఫొటోలు వరసగా తిప్పితే ఆ జీవి గోడ మీద పాకుతుంది. గోడల మీద ఏం మిగిలింది? చెరిపిన సున్నం మరకలు. లాస్ ఏంజెలెస్‌లో జూడీ బాకా అనే ఆవిడ 1976లో కుర్రాళ్ళని వెంటేసుకుని ఒక వరద కాలవ గోడ మీద ఆ ప్రాంతం చరిత్ర వేయడం మొదలుపెట్టింది. ఆవిడ చెరపలేదు, పొడిగిస్తూ పోయింది. 2,754 అడుగులైంది, అంటే మన ప్రకాశం బ్యారేజీ పొడవులో మూడింట రెండు వంతులు. అయినా ఇంకా పొడిగించే పనిలోనే ఉన్నారు.

ప్రశ్న: వరద వచ్చిన గోడ మీద రంగు పొక్కులు లేచి, తెల్లగా ఉప్పు తేలుతోంది. మంచి కంపెనీ రంగే వాడాం.
– సింగ్ నగర్

జవాబు: తప్పు రంగుది కాదు, తొందరది. లోపల తడి ఉంది. ఉప్పుని పొడి బ్రష్‌తో దులపండి, నీళ్ళతో కడిగితే మళ్ళీ లోపలికి పోతుంది. ఒక వేసవి ఎండనివ్వండి. ఆ తర్వాత ఉప్పుకి ఆగే ప్రైమరు, ఆ పైన బయటి గోడల ఎమల్షన్. కొత్త ప్లాస్టరింగు అయినా నాలుగు వారాలు ఆగాల్సిందే.

ప్రశ్న: కార్పొరేషన్ గోడ ఒకటి ఖాళీగా ఉంది. రాత్రికి రాత్రి వేసేస్తే?
– పేరు రాయలేదు

జవాబు: పేరు రాయకపోవడంలోనే జవాబు ఉంది. అనుమతి కాగితం తెచ్చుకోండి. అది ఉన్నా, 2016 పుష్కరాలకి ఊరంతా వేసిన బొమ్మల మీద తర్వాత ఎన్ని పోస్టర్లు పడ్డాయో చూశాం. 2028లో పుష్కరాలు మళ్ళీ వస్తాయి, మళ్ళీ సున్నం కొడతారు. వేసిన రోజే ఫొటో తీసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. సెలవుల్లో గుంటూరు నుంచి బస్సెక్కి మీ సింగ్ నగర్ గోడ దగ్గరికి వస్తున్నాడట. ఇప్పుడు కెమెరా కావాలంటున్నాడు, అరవై వేలు. వాళ్ళ నాన్నగారితో రోజూ గొడవ. ఇందులో భవిష్యత్తు ఉందా మాస్టారూ?
– ఒక తల్లి, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: అరవై వేల కెమెరా ఇప్పుడు కొనకండమ్మా. ఉన్న ఫోన్‌తోనే ఒకే గోడని ఏడాది తీయమనండి. ఏడాది తర్వాత కూడా అడిగితే సెకండ్ హ్యాండ్‌ది కొనొచ్చు, మా తమ్ముడు చూసిపెడతాడు. వాళ్ళ నాన్నగారికి నిజమే చెప్పండి, గోడలతో ఇల్లు గడవదు. మా తమ్ముడికి గడిచేది పెళ్ళిళ్ళతో. మాఘంలో కంటి మీద కునుకు లేకుండా తిరుగుతాడు, ఆషాఢం వచ్చిందంటే గోడ దగ్గరే ఉంటాడు. చదువు పూర్తిచేయమని నేనూ చెబుతాను.

మీ అబ్బాయి ఎవరో పోల్చుకున్నాను. పోయిన నెల నిచ్చెన కాస్త పట్టుకోమంటే, నేను దిగేదాకా పట్టుకునే ఉన్నాడు, ఒక్కసారి కూడా ఫోన్ తీయలేదు. ఆ రోజు ఎండకి మొహమంతా కందిపోయింది. ఆదివారం పంపించేటట్టయితే టోపీ ఇచ్చి పంపండి.